బీగం కొనే ముందు కట్టుకొయ్య చూసుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను సార్. మీ అబ్బాయి పాత సైకిలు పోయిన నెల రైల్వే స్టేషన్ బయట పోయింది. దానికి నంబర్ల కేబుల్ తాళం వేసే ఉంది. ఇప్పుడు 22 వేలు పెట్టి గేర్ల సైకిలు కొన్నారు. పగలు యూనివర్సిటీలో, సాయంత్రం బాలాజీ కాలనీలో ట్యూషన్ దగ్గర, రాత్రి కొర్లగుంటలో మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది. గొలుసు కొనాలా, యూ లాక్ కొనాలా, ఎంత పెట్టాలి, ట్రాకర్ ఒకటి దాచేస్తే సరిపోదా అని అడిగారు.

నేను తిరుపతిలో 27 ఏళ్లుగా సైకిళ్లు అమ్ముతున్నాను, బాగుచేస్తున్నాను. తాళాలు కూడా అమ్ముతాను, ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవండి.

మొదట తాళం మాట పక్కన పెడదాం. పల్లెల్లో ఆవు ముందరికాళ్లకు బంధం వేస్తారు చూడండి, దానివల్ల ఆవు పరిగెత్తి దూరం పోదు, అంతే. దాన్ని ఎవడైనా వ్యాను ఎక్కించుకుని పోతే బంధం ఏమీ చేయలేదు. దొంగభయం ఉంటే పలుపు కట్టి గుంజకు ముడేస్తారు. సైకిలుదీ అదే లెక్క. వెనక చక్రానికి కంపెనీవాళ్లే బిగించి ఇచ్చే రింగు బీగం (మా వైపు తాళాన్ని బీగం అనే అంటాం) ముందరికాళ్ల బంధం లాంటిది. సైకిలు దొర్లదు. ఎత్తితే మాత్రం లేస్తుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. షాపు పెట్టిన కొత్తల్లో నా సొంత సైకిలును షాపు ముందే రింగు బీగం వేసి లోపల పంక్చర్ వేస్తున్నాను. బయటికొచ్చి చూస్తే లేదు. తొమ్మిది రోజుల తర్వాత ఒక లాడ్జి వెనక సందులో దొరికింది. ముందు చక్రం లేదు, సీటు లేదు, పెడల్స్ లేవు, హ్యాండిలు కూడా లేదు. వెనక చక్రానికి వేసిన బీగం మాత్రం వేసినట్టే భేషుగ్గా ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది. ఆ రోజు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పైగా మన ఊరితో ఇంకో చిక్కుంది. చిన్న ఊళ్లలో ఫలానా సైకిలు ఫలానావాళ్ల పిల్లాడిదని వీధిలో అందరికీ తెలుస్తుంది. కొత్త మనిషి దాని మీద చెయ్యేస్తే ఎవరో ఒకరు "ఎవరప్పా నువ్వు?" అంటారు. తిరుపతిలో స్టేషన్ ముందు, విష్ణునివాసం చుట్టుపక్కల, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో రోజూ వేలమంది కొత్తవాళ్లే. ఎవడు ఏ సైకిలు తోసుకుపోతున్నా, భుజాన వేసుకుని పోతున్నా ఎవరూ అడగరు. కాబట్టి "జనం తిరిగే చోటే కదా, భయం లేదులే" అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. మీ సైకిలు పోయింది కూడా జనం మధ్యలోనే.

ఇక కేబుల్ తాళం. మీలాగే బాధపడుతూ ఒక కాలేజీ కుర్రాడు వచ్చాడు. బొటనవేలంత లావున్న కేబుల్ తాళం చూపించి "అన్నా, ఇంత లావుది ఎట్లా తెగుతుంది?" అన్నాడు. రెండు టీలు తెప్పించి, బ్రేకు వైర్లు కత్తిరించే కట్టర్ తీశాను. ముందు బ్లేడుతో పైనున్న ప్లాస్టిక్ తొడుగు నిలువుగా చీల్చాను. లోపల తీగల కట్ట వాడి చిటికెన వేలంత కూడా లేదు, మిగతా లావంతా ప్లాస్టిక్కే. ఆ సన్నటి తీగలను కట్టర్‌తో కొన్నికొన్నిగా కొరుకుతూ పోయాను. టీ చల్లారకముందే రెండు ముక్కలు వాడి చేతిలో పెట్టాను. కేబుల్ ఎందుకు తెగుతుందంటే, అది ఒక కడ్డీ కాదు, పోగుల కట్ట. ఒక్కో పోగూ ఒక్కో లెక్క, కట్టర్‌కు అన్నీ ఒకేసారి తెంచాల్సిన పని లేదు. సీటునో హెల్మెట్‌నో సైకిలుకు తగిలించడానికి కేబుల్ పనికొస్తుంది. సైకిలును కాపాడటానికి పనికిరాదు.

నంబర్ల సంగతి కూడా చెబుతాను. మూడంకెల తాళంలో 000 నుంచి 999 దాకా వెయ్యి వరసలు. ఒక్కోదానికి రెండు సెకన్లు పట్టినా అరగంట దాటి నాలుగు నిమిషాలు కాకముందే అన్నీ అయిపోతాయి. చౌక తాళమైతే అంత ఓపిక కూడా అక్కర్లేదు. రెండు కొసలూ లాగి పట్టుకుని అంకెల చక్రాలు ఒక్కోటి తిప్పుతుంటే సరైన అంకె దగ్గర వేలికే తెలుస్తుంది. దీన్ని మా షాపులో పనిచేసే పిల్లలు ఆటగా చేస్తారు.

గొలుసు విషయానికొద్దాం. గాంధీ రోడ్డులో హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి మీటరు గొలుసు కోయించుకుని, దానికో తాళంకప్ప తగిలిస్తే చవకే కదా అని చాలామంది అడుగుతారు. ఆ గొలుసు బావిలో బొక్కెనకో గేటుకో సరిపోతుంది. మెత్తటి ఇనుము అది. రెండడుగుల బోల్ట్ కట్టర్ దాన్ని బెండకాయ కోసినట్టు కోస్తుంది. సైకిలు కోసం చేసే మంచి గొలుసులో లింకులను కాల్చి గట్టిపరుస్తారు. తేడా తెలియాలంటే ఆకురాయి తీసుకుని లింకు మీద రుద్దండి. మెత్తటి ఇనుమైతే ఆకురాయి పట్టుకుంటుంది, పొడి రాలుతుంది. గట్టిపరచిన ఉక్కు మీద అది జారిపోతుంది, గాజు మీద గీసినట్టు కిర్రుమంటుంది. కొట్టువాడు రుద్దనివ్వడనుకోండి. నేను మాత్రం కొత్త రకం వచ్చినప్పుడల్లా ఒకదాన్ని బలిచ్చి చూసుకుంటాను. ఈ మధ్య వచ్చిన వాటిలో పైన రంగురంగుల గుడ్డ తొడుగుతో చాలా దర్జాగా ఉన్న ఒక గొలుసు మీద ఆకురాయి నాలుగు రుద్దులకే గాడి పెట్టింది. మిగిలినవన్నీ తిప్పి పంపేశాను.

లావు కూడా చూడాలి. కడ్డీ 10 మిల్లీమీటర్ల నుంచి 14కు పెరిగితే కోయాల్సిన ఉక్కు దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే అడ్డుకోత వైశాల్యం వర్గంలో పెరుగుతుంది. గట్టిపరచిన 13 మిల్లీమీటర్ల లింకు దాకా వస్తే చేత్తో నొక్కే బోల్ట్ కట్టర్లు మామూలుగా చేతులెత్తేస్తాయి. కానీ బరువు? మీటరు పొడవుకు 8 మిల్లీమీటర్ల గొలుసు కిలోన్నర లోపు, 10 మిల్లీమీటర్లది రెండుంబావు కిలోలు, 13ది దాదాపు నాలుగు కిలోలు తూగుతుంది. పుస్తకాల సంచీతో పాటు నాలుగు కిలోల గొలుసు మోయమంటే ఏ పిల్లాడూ రెండు వారాలకు మించి మోయడు. మూడో వారం అది మంచం కింద ఉంటుంది.

గొలుసుకు వేసే తాళంకప్పను మాత్రం మర్చిపోకండి. గొలుసు ఎంత లావున్నా కప్ప పైనుండే వంపు కడ్డీ పెన్సిలంత ఉంటే దొంగ దాన్నే పట్టుకుంటాడు. మన అలీగఢ్ కప్పల్లో మంచివి లేకపోలేదు. కడ్డీ మీద 'హార్డెన్డ్' అని ముద్ర ఉందో లేదో చూసి తీసుకోండి.

పగటి తిరుగుడికి మీవాడికి నేను చెప్పేది యూ లాక్. ఒకే కడ్డీని గుర్రపునాడాలా వంచి, అడ్డంగా ఒక దిమ్మె పెట్టి బిగిస్తారు. కడ్డీ 13, 14 మిల్లీమీటర్లు ఉండాలి. ఇంకో సంగతి అట్ట మీద వెతకండి: కడ్డీ రెండు కాళ్లూ దిమ్మెలో లాక్ అవుతాయా, ఒక కాలేనా? రెండూ లాక్ అయితే దొంగ ఒకచోట కోసినా కడ్డీ ఊడిరాదు, రెండోచోట కూడా కోయాలి. ఒక కాలే అయితే ఒక్క కోత చాలు. ధరలో తేడా ఐదారు వందలే ఉంటుంది, అక్కడ మాత్రం పిసినారితనం చేయొద్దు.

సైజు చిన్నదే తీసుకోండి. చాలామంది పెద్దదైతే ఎక్కడైనా పడుతుందని పొడుగుది కొంటారు. లోపల ఖాళీ ఎంత ఉంటే దొంగకు అంత చోటిచ్చినట్టు. ఆ సందులో చిన్న జాకీ పెట్టి తిప్పితే, గడ్డపార దూర్చి మెలేస్తే తాళం విరుగుతుంది. గుంజ, చక్రం, ఫ్రేము పట్టాక వేలు దూరేంత సందు కూడా మిగలకుండా ఉంటే మంచిది.

చిన్న యూ లాక్ అయితే చక్రం, ఫ్రేము రెండూ ఎలా పడతాయి అని మీరు అడుగుతారు. దీనికి షెల్డన్ బ్రౌన్ అని అమెరికాలో పేరుమోసిన సైకిల్ మెకానిక్ ఒక చిట్కా చెప్పాడు. ఆయన 2008లో పోయాడు, నాలాంటి వాళ్లం ఇప్పటికీ ఆయన రాతలు చూసే పని నేర్చుకుంటాం. సీటు కింది గొట్టం, పెడల్ దగ్గర్నుంచి వెనక్కి పోయే గొట్టం, సీటు దగ్గర్నుంచి కిందికి దిగే గొట్టం, ఈ మూడూ కలిసి వెనక ఒక త్రికోణం అవుతాయి కదా. ఆ త్రికోణం లోపల కనిపించే వెనక చక్రం ముక్కను, అంటే రిమ్మునూ టైరునూ కలిపి, యూ లాక్‌తో గుంజకు వేయాలి. గొట్టానికి తగలక్కర్లేదు. చక్రం ఆ త్రికోణం దాటి బయటికి రాదు కాబట్టి ఫ్రేము కూడా కట్టుబడినట్టే. రిమ్మును కోసి సైకిలు తీసుకుపోవచ్చు కదా అంటే, బిగిసి ఉన్న స్పోకులు, గాలి నిండిన టైరు, దాని లోపలి తీగ, ఇంత తంటా పడి వెనక చక్రం పాడుచేసుకుని తీసుకెళ్లే దొంగను నేనైతే ఇక్కడ చూడలేదు.

ముందు చక్రం సంగతి కూడా చూసుకోండి. గేర్ల సైకిళ్లలో చాలావాటికి ముందు చక్రం పానా అక్కర్లేకుండా చిన్న మీట తిప్పితే ఊడొస్తుంది, క్విక్ రిలీజ్ అంటారు. సీటుకూ అలాంటి మీటే ఉంటుంది. వాటి బదులు అలెన్ కీతో బిగించే స్క్రూలు వేయించండి, ఏ షాపులోనైనా ఐదు నిమిషాల పని. పోయిన కేబుల్ తాళం లాంటిది ఇంట్లో ఇంకోటి ఉంటే ముందు చక్రానికీ ఫ్రేముకూ కలిపి వేసేయండి, దానికి అంతకంటే గౌరవం ఇవ్వొద్దు.

తాళంచెవి ఆకారం కూడా చూడాలి. గుండ్రటి గొట్టంలా ఉండే తాళంచెవి వద్దు. 2004లో అమెరికాలో క్రిప్టొనైట్ అనే పేరున్న కంపెనీ యూ లాకులు మామూలు బాల్‌పెన్ను గొట్టం గుచ్చి తిప్పితే తెరుచుకుంటున్నాయని వీడియోలు వచ్చాయి. కంపెనీ లక్షల తాళాలు వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది. అవన్నీ ఆ గొట్టం తాళంచెవి రకాలే. ఇప్పుడు ఆ కంపెనీ అవి చేయడం లేదు కానీ చౌక తాళాల్లో ఇంకా కనిపిస్తాయి. సగం గుండ్రంగా ఉండి, ఏటవాలు కోతలున్న తాళంచెవి వచ్చే డిస్కు రకం మంచిది. అది 1907లో ఫిన్లాండ్‌లో పుట్టిన పద్ధతి. దుమ్ముకు, వానకు కూడా కాస్త తట్టుకుంటుంది.

అట్ట మీద "సెక్యూరిటీ లెవల్ 8", "లెవల్ 10" అని ఉంటే మోసపోకండి. అవి కంపెనీ తన తాళాలకు తానే వేసుకున్న మార్కులు, ఒక కంపెనీ 8కీ ఇంకో కంపెనీ 8కీ పోలిక లేదు. బ్రిటన్‌లో సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ తాళాలను నిజంగా పగలగొట్టి చూసి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని ముద్ర వేస్తుంది. నెదర్లాండ్స్‌లో ఏఆర్‌టీ వాళ్లు నక్షత్రాలిస్తారు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఆ ముద్రలు చూడండి. మీ సైకిలుకు సిల్వర్ చాలు. అలాంటి యూ లాక్ రెండు వేలకు అటూఇటూగా వస్తుంది. సైకిలు ధరలో పదో వంతు తాళానికి పెట్టాలని నేను చెబుతుంటాను, మీకూ లెక్క సరిపోయింది.

ఒక మాట దాచకుండా చెబుతాను. ఇనుము కోసే బ్యాటరీ గ్రైండర్ ముందు ఏ తాళమైనా కాసేపే. ఆ చప్పుడూ నిప్పురవ్వలూ చూసి నలుగురు తిరిగి చూస్తారనేదే ధీమా. మన ఊళ్లో ఎటు చూసినా అపార్ట్‌మెంట్లు కడుతూనే ఉంటారు, గ్రైండర్ చప్పుడుకు ఎవరూ తల కూడా తిప్పరు. కానీ 22 వేల సైకిలు కోసం గ్రైండర్ పట్టుకొచ్చేవాడు తక్కువ. మా దగ్గర పోయే సైకిళ్లలో ఎక్కువ భాగం ఎత్తుకుపోయినవి, కేబుల్ తెంచినవి, అసలు తాళమే వేయనివి. పక్కనున్న సైకిలు కంటే మీది కష్టంగా కనిపిస్తే వాడు పక్కదాని దగ్గరికి పోతాడు. పాపం పక్కవాడు అనుకోండి.

దేనికి కట్టాలో కూడా అబ్బాయికి చూపించండి. నో పార్కింగ్ బోర్డు గొట్టాన్ని ఊపి చూడమనండి, చాలావరకు మట్టిలో గుచ్చి వదిలేసినవే, బోర్డుతో సహా లేస్తాయి. చిన్న మొక్కల చుట్టూ ఉండే ఇనుప జాలీ వద్దు. నేలలో పాతిన రెయిలింగు, మెట్ల పక్క లావు గ్రిల్లు మంచివి. తాళం నేలకు ఆనకుండా పైకి వేయాలి. నేల మీద ఆనితే కట్టర్ ఒక పిడి నేలకు ఆనించి రెండో పిడి మీద ఒళ్లంతా బరువేసి నొక్కుతారు. గాలిలో ఉంటే ఆ బలం రాదు. తాళంచెవి పెట్టే బెజ్జం కిందికి చూసేలా వేస్తే వాన నీళ్లూ పోవు.

స్టేషన్ దగ్గర మాత్రం డబ్బులు తీసుకుని టోకెన్ ఇచ్చే స్టాండులోనే పెట్టించండి, తాళం వేసే. అలిపిరి దగ్గర వదిలి కొండెక్కుతానంటే ఆ రోజు బస్సులో పొమ్మనండి. 3550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, దిగేసరికి ఎంతసేపు పడుతుందో మీకు తెలియనిది కాదు. సైకిలు అంతసేపు ఒకేచోట కదలకుండా ఉందంటే యజమాని ఇప్పట్లో రాడని చూసినవాడికి తెలిసిపోతుంది.

తాళం బెజ్జంలో కొబ్బరినూనె పోసే అలవాటు మనవాళ్లకు ఉంది. మొదట రెండు రోజులు హాయిగా తిరుగుతుంది, తర్వాత దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి వేయండి. 2021 నవంబర్ వానలకు సెల్లార్లలో నీళ్లు నిలిచిన తర్వాత నా దగ్గరకు బిగుసుకుపోయిన తాళాలు వరసగా వచ్చాయి, సగం ఇలా నూనె జిడ్డు కట్టినవే. ఒకాయన బలంగా తిప్పి తాళంచెవి లోపలే విరగ్గొట్టుకుని, సైకిలును తాళంతో సహా భుజాన వేసుకుని వచ్చాడు. రెండో తాళంచెవి ఇంట్లో పెట్టండి, రెండూ ఒకే గుత్తికి వేయొద్దు.

ట్రాకర్ అడిగారు. ఐఫోన్ ఉంటే ఎయిర్‌ట్యాగ్ సీటు కిందో బాటిల్ స్టాండు వెనకో దాచండి, తప్పు లేదు. కానీ తెలియని ట్యాగ్ తనతో పాటు కదులుతోందని దొంగ ఫోన్‌కు కూడా సందేశం పోతుంది. మనుషులను వెంబడించడానికి వాడకుండా పెట్టిన ఏర్పాటు అది. కనుక ట్రాకర్ తాళానికి బదులు కాదు. అది చూపించిన చోటికి మీవాడు ఒక్కడే వెళ్లకూడదని కూడా గట్టిగా చెప్పండి.

ఇవాళే చేయాల్సిన పని ఇంకోటుంది. సైకిలును తలకిందులుగా పెట్టి, పెడల్స్ మధ్య గొట్టం అడుగున చెక్కి ఉండే ఫ్రేము నంబరు ఫొటో తీసుకోండి. సైకిలుతో అబ్బాయి ఫొటో, బిల్లు కూడా ఫోన్‌లో ఉంచండి. పోయిన సైకిలుకు నంబరు తెలియక ఎర్ర రంగు, గేర్లున్నాయి అని రాసిస్తే పోలీసులు మాత్రం ఎక్కడని వెతుకుతారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్. 5 వేల లోపు విలువైన వస్తువును మొదటిసారి దొంగిలించి తిరిగిచ్చేసినవాడికి అందులో సమాజ సేవే శిక్ష. మీ సైకిలు 22 వేలదని చూపించడానికి బిల్లు కావాలి.

చివరికి సెల్లార్. రోజులో అన్నిటికంటే ఎక్కువసేపు సైకిలు ఉండేది అక్కడే, తెల్లవారుజామున ఎవరూ చూడనిది కూడా అక్కడే. మీరు రాసినదాన్ని బట్టి అక్కడ కట్టడానికి ఏమీ లేదు. అసోసియేషన్‌ను ఒప్పించి గోడ మూలన అడుగు లోతు గుంత తవ్వించండి. 16 మిల్లీమీటర్ల కడ్డీని వెల్డింగ్ షాపులో యూ ఆకారంలో వంచించి, కాళ్ల కొసలు బయటికి మడిపించి, గుంతలో పెట్టి కాంక్రీటు పోయించాలి. పైకి నాలుగు వేళ్ల ఎత్తు కనిపిస్తే చాలు. పిల్లర్‌కు మాత్రం రంధ్రాలు పెట్టించొద్దు. ఆ కొక్కేనికి 13 మిల్లీమీటర్ల గొలుసు వేసి అక్కడే వదిలేయండి, దాన్ని రోజూ మోసేది లేదు కాబట్టి నాలుగు కిలోలైనా బాధ లేదు. పొడవు మాత్రం సరిగ్గా సరిపోయేంతే ఉంచండి, నేల మీద వాలితే కట్టర్‌కు పైన చెప్పిన సౌకర్యం ఇచ్చినట్టే. మీవాడు యూ లాక్ సంచీలో వేసుకుని వెళ్తాడు, గొలుసు ఇంటి దగ్గర కాపలా ఉంటుంది.

కాంక్రీటు గట్టిపడటానికి వారం పడుతుంది, రోజూ నీళ్లు చల్లుతూ ఉండాలి. ఆ వారం మటుకు సైకిలును మూడో అంతస్తుకు మోసుకెళ్లమనండి. పదిహేను కిలోలే కదా, కుర్రాడు.